ఐలవ్వ గడప ముందు సంపు

గోదావరిఖనిలో గని గేటుకు కూతవేటు దూరంలో, ఎవరికి వారు వేసుకున్న గుడిసెల బస్తీ ఒకటుండేది. దాని నడుమ, అందరికంటే పల్లంలో ఐలవ్వ గుడిసె. మంథని దిక్కు పల్లె నుంచి మొగుడు కొమురెల్లి వెంట ఆమె వచ్చినప్పుడు ఆ ఒక్క జాగా ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో మొదటి వానకే తెలిసింది. ఆరేళ్ళుగా వానలు మొదలయ్యే మిర్గం కార్తె మబ్బు కనబడగానే ఆమె బియ్యం మూటను దూలానికి కట్టేది, పిల్లలను మంచమెక్కించేది, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వేది. ఏడవడానికి తీరిక లేక నవ్వుతుందని అనుకునేవాళ్ళు. కాదు, ఆమె గుణమే అంత.

అరవై ఎనిమిది ఎండాకాలంలో గని కంపెనీ ఓవర్సియరు లింగమూర్తి వచ్చి బస్తీ వాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. నీళ్ళు పోయే మోరీ మీరే తవ్వుకోండి, ఎట్లా తవ్వాలో కూడా మీరే తేల్చుకోండి, బండలు మేమిస్తాం, గల్లీ మొదట్లో నల్లా పెట్టిస్తాం అన్నాడు. అయితే మిర్గానికి వచ్చి చూస్తాననీ, నీళ్ళు నిలిచి ఉంటే నడుమ ఉన్న ఆరు గుడిసెలు లేపెయ్యక తప్పదనీ కూడా అన్నాడు. ఆ ఆరింటిలో మొదటిది ఐలవ్వది. ఆ రోజు ఆమె నవ్వలేదు.

మోరీ పనికి పెద్దగా నిలిచింది సదయ్య. కొత్తగూడెం గనుల నుంచి బదిలీ మీద వచ్చిన, గనిలో నీళ్ళు తోడే పంపు డ్రైవరు. నీళ్ళ సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. బస్తీ నమ్మకమూ అదే. డ్యూటీ దిగిన మగవాళ్ళు రెండు జట్లయి గల్లీ రెండు కొసల నుంచి తవ్వుకుంటూ వచ్చారు. గనిలో అలవాటైనట్టే రెండు వైపుల నుంచీ వాలు ఇచ్చి, నీళ్ళన్నీ నడుమ ఒక గుంతలోకి చేరేలా చేశారు. గని భాషలో దాన్ని సంపు అంటారు. ఆ సంపు సరిగ్గా ఐలవ్వ గడప ముందు తేలింది.

మీసం దువ్వుకుంటున్న సదయ్య ముందుకు ఐలవ్వ వచ్చి నిలబడింది.

"సదన్నా, గనిల సంపుకు నీ పంపున్నది. గీ సంపుకు ఏమున్నది? నేను బిందె పట్టుకొని వానకాలమంత తోడుకుంట కూసోవాల్నా?"

సదయ్య దువ్వుతున్న మీసం వదిలేసి గుంతలోకి తొంగిచూశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో పంపు లేని సంపును చూసి ఎరగడు పాపం. బస్తీ అంతా పగలబడి నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది సదయ్యే. నవ్వడం అయ్యాక మెల్లగా అడిగాడు.

"మరి నీళ్ళు ఎటు పోతయి చెల్లే?"

ఆరేళ్ళలో ఆ మాట ఆమెను అడిగిన మొదటి మనిషి ఆయనే. ఐలవ్వ తన ఇంటి వెనక వైపు చూపించింది. వాన వచ్చినప్పుడల్లా తన చెంబులూ చాటలూ ఎటు కొట్టుకుపోయాయో ఆమెకు కంఠస్థం. అన్నీ వెనక తడకకే ఆనుకునేవి. తెల్లారి ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చి సంపు పక్క నుంచి నీళ్ళు పోశారు. నీళ్ళు పారిన దారి వెంబడి పక్క గుడిసె పోశవ్వ ముగ్గు పోసుకుంటూ నడిచింది. వంకర టింకరగా సాగిన ఆ ముగ్గు, ఐలవ్వ ఇంటి పక్కగా చిక్కుడు పందిరి కింద నుంచి తడక దాటి, వెనక ఉన్న వాగులోకి దిగింది.

పందిరి పోతుందని కొమురెల్లి నసిగాడు. కాయ కాసే పందిరి, ఆమె చేతులతో నిలబెట్టింది.

"పోనియ్యి. చిక్కుడు మళ్ళ పెడితే మళ్ళ మొలుస్తది" అని మొదటి గుంజ ఆమే పీకేసింది.

ఆ ముగ్గు వెంటే మగవాళ్ళు కాలువ తవ్వారు. ఈసారి ఆడవాళ్ళు తట్టలు మోయడమే కాదు, జానెడు తవ్వగానే బిందెడు నీళ్ళు పోసి చూసి, ఊఁ అంటేనే ముందుకు.

మిర్గం వచ్చింది, జోరు వాన పట్టింది. లింగమూర్తి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేతిలో పట్టుకుని వచ్చాడు. బురద దొరకక గల్లీలోనే నిలబడి మళ్ళీ బూట్లు తొడుక్కున్నాడు. లెవెలు ఎవరు చూశారని అడిగితే, సదయ్య ముందు రొమ్ము విరుచుకున్నాడు, తర్వాత ఐలవ్వను చూపించాడు. ఆరు గుడిసెలూ ఉంటాయని, నల్లా వచ్చే నెలలోనే వస్తుందని లింగమూర్తి అందరి ముందూ చెప్పాడు.

ఐలవ్వ ఆ మాటలు సగమే విన్నది. గడప మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఇంటి పక్క నుంచి వాగుకు పారుతున్న నీళ్ళ చప్పుడు వింటోంది. జోరు వానలో తన కాళ్ళు పొడిగా ఉండటం ఆమెకు వింతగా, హాయిగా ఉంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని లోపలున్న కొమురెల్లికి కేకేసింది.

"ఇగో, వింటున్నవా? దూలానికి కట్టిన బియ్యం మూట దించు. ఇయ్యాల కిందనే పెడుదం."