కొబ్బరినీళ్లు తాగిన పెట్టె

రెండు వేల సంవత్సరం దాటాక, ఆ దశాబ్దం చివరి ఏళ్ల సంగతి. నందిగామలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. విజయదశమి మర్నాడు జగ్గయ్యపేట ఫోటో స్టూడియో ఆయన బస్సు దిగి వచ్చి, సంచిలోంచి నల్లటి పెట్టె తీసి నా బల్ల మీద పెట్టాడు. ఫోటోలు దాచుకునే హార్డ్‌డిస్కు పెట్టె అది. ఒళ్లంతా పసుపు, పైన మూడు కుంకుమ బొట్లు.

"ఆయుధపూజ చేసానండి మాస్టారూ. దీని ముందే కొబ్బరికాయ కొట్టా. నీళ్లు కన్నాల్లోకి పోయాయి."

నాకు ఒళ్లు మండింది. "కరెంటు పెట్టెకి అభిషేకమేంటండీ!"

"వత్సవాయి పెళ్లి ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయండి. కెమెరా కార్డు చెరిపేసా. పెళ్లివారు ఆదివారం ఆల్బమ్‌కి వస్తున్నారు. వాళ్లకి మొహం ఎలా చూపించాలి?"

ఆ గొంతు విన్నాక ఇంక తిట్టబుద్ధి కాలేదు.

బోర్డు కాలిపోయింది కానీ లోపలి డిస్కు బతికే ఉంది. ఏ కంప్యూటర్‌కి తగిలించినా మాత్రం, ఇదేమిటో తెలియదు, ఫార్మాట్ చేయమంటావా అని అడిగేది. ఫోటోలు ఎలా సర్దిందో ఆ పెట్టెకే తెలుసు. పెట్టేమో చచ్చింది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే ఫర్మ్‌వేర్, మాత్రం తయారీదారు వెబ్‌సైట్లో దొరికింది.

తెరిస్తే అర్థంపర్థం లేని అంకెలు. రెండు రోజులు కళ్లు కాయలు కాశాయి. మూడో రోజు ఆ చెత్త మధ్య ఎస్, క్యూ, ఎస్, హెచ్ అని నాలుగు అక్షరాలు కనిపించాయి. కుదించిన లినక్స్ ఫైళ్లు అక్కడ మొదలవుతాయని గుర్తు. అక్కడి నుంచి కోసి విప్పాను.

ఫోల్డర్ల మీద ఫోల్డర్లు తెర మీదికి వచ్చాయి. నాలుగు సినిమా పాటలు పట్టే జాగాలో ఒక కంప్యూటర్ సంసారమంతా ఉంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే.

అందులో డిస్కును సిద్ధం చేసే ఫైలు ఒకటి ఉంది. మామూలు కంప్యూటర్ ఒప్పుకోనంత పెద్ద ముక్కలుగా డిస్కును విభజించమని రాసి ఉంది. పైన, రాసినవారెవరో తర్వాతివాళ్ల కోసం ఒక మాట వదిలారు: ఈ కొలత మార్చకండి, పాతవాళ్లు దాచుకున్నవి పోతాయి. జగ్గయ్యపేట పేరైనా విని ఉండని మనిషి. ఆ మాట మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఆ కొలతతో చదవగల ప్రోగ్రామ్ వెతికి పట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం మొదటి ఫోటో తెరుచుకుంది: తలమీద జీలకర్రా బెల్లంతో పెళ్లికూతురు. స్టూడియో ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చేశాడు.

మరుసటి దసరాకి నన్ను పిలిచాడు. ఈసారి కొబ్బరికాయ వాకిట్లో కొట్టాడు. పీట మీద కెమెరాల పక్కన, ఆ మాట సంగతి చెప్పి నేనిచ్చిన ఫర్మ్‌వేర్ సీడీ, దానికీ ఒక బొట్టు.

"రాసినాయన ఎవరో తెలీదు కదండీ మాస్టారూ. అందుకని దీనికి పెట్టా."

పూజలంటే వెటకారం చేసే మనిషిని నేను. ఆ సీడీకి చేతులు జోడించాను.