తోడల్లుడి చప్పట్లు

మా తోడల్లుడు ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు చప్పట్లు కొడతాడు. కొట్టి, తల ఓరగా పెట్టి వింటాడు. పలకరింపులు ఆ తర్వాతే. పెళ్ళిచూపుల్లోనూ ఇదే నిర్వాకమట. పిల్ల నచ్చిందా అనడిగితే, గది మారుమోగుతోంది, పిల్ల మాట సరిగ్గా వినపడలేదన్నాడట. అయినా మా అత్తగారికి ఆయనంటే ప్రాణం. ఆయన మా బాత్రూంలో చప్పట్లు కొడితే మేధావి అంటుంది. నేను కొడితే దోమలున్నాయా అంటుంది.

కుళ్ళా అంటే కుళ్ళే. దాచుకోవడం ఎందుకు?

పాత నాటకశాలని బాగుచేసే పని మా ఇద్దరికీ వచ్చింది. లోపలి అలంకరణ నాది. చివరి వరస దాకా మాట వినపడేలా చూడటం ఆయనది. నేను గోడలన్నిటికీ ముదురెరుపు మఖమల్ పరదాలు వేయించాను. చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. ఆయనొచ్చి, చప్పట్లు కొట్టి, తీయించెయ్యమన్నాడు. మాటని మింగేస్తున్నాయట. మైకులున్నాయిగా అంటే వినడే! వాటి చోట చెక్క పలకలు బిగించాడు, ఒక్కోటి ఒక్కో వాలుతో. నాకు ఒళ్ళు మండిపోయింది.

పైగా మా ఆవిడొకతె. రంగస్థల నటి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఇంట్లోనే ఉంటోంది. అలాంటిది రోజూ బావ రమ్మన్నాడంటూ నాటకశాలకి పరుగు. ఆవిడ వేదిక మీద నిలబడి ఏదో చెప్పడం, ఆయన చివరి వరసలో చెవి రిక్కించడం, నిచ్చెనెక్కి పలక వంచడం. నా పరదాల గురించి ఇంట్లో ఒక్క మంచిమాట లేదు.

ఇక ఆగలేక వెళ్ళి, చివరి వరసలో ఆయన పక్కనే కూర్చుని దులిపేశాను. నా పనంతా తగలెట్టింది చాలక, మా ఆవిడ చేత భజన కూడా చేయించుకుంటున్నారన్నాను. ఆయన నిమ్మళంగా విన్నాడు.

"మరదలి గొంతు ఇక పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు తమ్ముడూ. నీకు చెప్పకుండా అక్కని తోడు తీసుకెళ్ళి అడిగొచ్చింది. ఇక్కడ తొలి నాటకంలో వేషం ఇచ్చారు. మైకు తగిలించుకుని ఆడే కంటే మానేస్తానంది. అందుకే హాలునే ఆవిడ గొంతుకి సరిపెడుతున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పరదాలు నువ్వే పీకేసేవాడివి. తన మూలంగా నీ పని పాడైందని ఆ పిల్ల కుమిలిపోయేది. నామీద కోపమంటావా, అది నీకు అలవాటేగా."

అంతలో వేదిక మీంచి మా ఆవిడ, పక్కమనిషితో చెప్పినంత మెల్లగా అంది.

"బావని తిట్టడం అయిపోతే భోజనానికి పిలవండి."

అంత దూరానికీ ఒక్క అక్షరం జారిపోకుండా చెవిలో పడింది. నా కళ్ళు చెమర్చాయి. పిలిచాను.

కుళ్ళు పోయిందా అంటే, లేదు. ఆ ఆలోచన నాకెందుకు తట్టలేదా అని ఇంకాస్త పెరిగింది.