ఎరుపు, ఆకుపచ్చ తెలియని మామ

తన కూతుర్ని నాకే ఇస్తానని పదిమందిలో మాటిచ్చి, తర్వాత తప్పిన మా మేనమామ మొన్న ఆదివారం కొత్తవాడలో కన్నుమూశాడు. శవం లేవకముందే ఒక చుట్టం, మాట మీద నిలవని మనిషి అంటూ గొణిగాడు. ఆ చుట్టానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మామ జంపఖానాలు నేసేవాడు. ఎరుపు, ఆకుపచ్చ ఆయనకు ఒక్కలాగే కనిపించేవి. అత్త పొద్దున్నే ఎర్ర నూలు ఎడమకు, ఆకుపచ్చ నూలు కుడికి పెట్టి పోయేది. ఒకసారి తోటి పనివాళ్లు సరదాకి అటుదిటు మార్చేశారు. జంపఖానా మీద మామ నేసిన చిలకలన్నీ ఎర్రగా, ముక్కులు ఆకుపచ్చగా వచ్చాయి. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి, "కాళ్ల కింద ఏసుకునేదే గదా, చిలక ఏమనుకోదు తియ్" అన్నాడట. ఆ రోజు మాత్రం అన్నం ముట్టలేదని అత్త తర్వాతెప్పుడో చెప్పింది.

నాకూ ఆ చూపే వచ్చింది. రైలు డ్రైవర్ ఉద్యోగానికి పోతే, రంగు చుక్కల మధ్య అంకె చదవలేక వెనక్కి వచ్చాను. అప్పటికే పెళ్లి ఖాయమై ఉంది. మామ తెలిసిన సైన్సు మాస్టారు దగ్గరికి పోయి, ఇది ఎట్లా వస్తుందో అడిగి తెలుసుకున్నాడు. ఆ సాయంత్రమే కాశిబుగ్గలోని మా ఇంటికి వచ్చాడు.

"అల్లుడా, రంగుల చూపుకు ఆడపిల్లకు రెండు పోగులుంటయట. ఒకటి చెడ్డా రెండోది కాపాడుతది. మగపిల్లగానికి ఒక్కటే. నాది చెడ్డది, నీదీ చెడ్డదే. నా బిడ్డకు నాదొకటి పోయింది. మీ ఇద్దరికి ఆడపిల్ల పుడితే రెండూ చెడ్డవే రావచ్చు. నేను పడ్డ నవ్వులాట దానికెందుకు?"

తర్వాత జీవశాస్త్రం పుస్తకాలు చాలా తిరగేశాను. మామ చెప్పినదాంట్లో తప్పేమీ దొరకలేదు. ఈ చూపు మగపిల్లలకు తల్లి నుంచే వస్తుంది. ఆ తల్లికి మాత్రం రంగులన్నీ బాగానే కనిపించవచ్చు. మా అమ్మకు కనిపించేవి. నాకు ఏమి ఇస్తున్నదో ఆమెకు తెలియదు.

మా నాయన ఇవేవీ వినలేదు. మామ గడప దిగకముందే అమ్మ వైపు తిరిగాడు. "మీ పుట్టింటి రోగం నా కొడుక్కు అంటగట్టినవ్. ఇగ ఆ ఇంటికి పోయినవంటే ఇటు రాకు."

ఒకే ఊళ్లో ఉన్న కొత్తవాడ మాకు ఎంత దూరమని. సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులంతా పుట్టిళ్లకు పోతుంటే, అమ్మ మా గడపలోనే నిలబడేది. మామ చీర పట్టుకొని గల్లీ మలుపు దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఇంకో అడుగు వేస్తే చెల్లెకు దెబ్బలు పడతాయని ఆయన భయం. అన్నాచెల్లెళ్లు కాసేపు అక్కడి నుంచి ఇక్కడికి చూసుకునేవారు. చీర పక్కింటామె చేతికిచ్చి మామ వెనుదిరిగేవాడు. అమ్మ చనిపోయేదాకా ప్రతి ఏడూ ఇదే. ఆమె వెనక, లోపలి మంచం మీద, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండేవాడు, నేను ఇప్పటికీ క్షమించని మనిషి, మా నాయన.