దుప్పటికి రెండో కొస

ఈ కబురు నాకు మొదట తెచ్చింది ఫూల్‌బాయి. 2023లో, వానలు పట్టిన రోజులు. బిలాస్‌పూర్‌లోని లింగియాడీహ్‌లో కూరగాయలమ్మే ఈ ఛత్తీస్‌గఢీ మనిషి, విరిగిన ఎడమ చేతికి కట్టుతో మా వాకిట్లోకి వచ్చి, "దీదీ, పక్కా అంటే మీ భాషలో ఏమిటి?" అని అడిగింది. వాళ్ళ పొరుగింటి ముసలామె పక్షవాతంతో మంచాన పడిందట. అన్నాళ్ళూ హిందీ మాట్లాడిన మనిషికి ఇప్పుడు తెలుగు తప్ప నోట రావడం లేదట. పొద్దస్తమానం "పక్క, పక్క" అంటోందట.

"మాకు పక్కా అంటే ఖాయం అని కదా దీదీ. ఏది ఖాయమో చెప్పదు. సరేలే అని నేనూ 'హా అమ్మా, పక్కా' అంటున్నాను. ఇంకా ఏడుస్తోంది."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె అడుగుతున్నది పక్క మార్చమని.

నేను బిలాస్‌పూర్‌లో ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకు సేవ చేస్తాను. ఏ కాలేజీలోనూ చదవలేదు. ఆసుపత్రిలో ఆయాగా చేసిన మా అమ్మ ఇంట్లోనే అన్నీ నేర్పింది, బైబిలు చదవడంతో సహా. ఆ రెండింటికీ దేవునికి రోజూ వందనాలు చెప్పుకుంటాను.

వెళ్ళి చూస్తే ఆ ముసలామె పైడమ్మ. మా రైల్వే కాలనీలో ఆ పేరు తెలియని తెలుగిల్లు లేదు. వయసులో ఉండగా భర్తనూ, జ్వరంతో పడుకున్న రెండేళ్ళ కూతురినీ వదిలేసి, రైల్వే షెడ్‌లో పనిచేసే ఒక హిందీ ఫిట్టర్‌తో వెళ్ళిపోయింది. ఆ ఫిట్టరూ పోయాక ఒంటరిగా మిగిలింది. ఆసుపత్రివాళ్ళు చేయగలిగింది చేసి ఇంటికి పంపారు. ఫూల్‌బాయే గంజి తాగిస్తోంది. నడుము కింద బెడ్ సోర్ పడింది. కదలకుండా పడుకున్న ఒంటికి ఒత్తిడి వల్ల పడే పుండు అది. అప్పటికే లోతుగా ఉంది. ఇంకొంత లోతుకు పోతే ఎముక పట్టుకుంటుంది, ఆపైన మనిషి దక్కదు.

దానికి మందు కన్నా ముందు కావలసింది పక్క మార్చడం. నడుము కింద అడ్డంగా ఒక మడత దుప్పటి పరుస్తాం. దాన్ని డ్రా షీట్ అంటారు. ఇద్దరు చెరో కొసా చుట్టి పట్టుకుని, మనిషిని కాస్త ఎత్తి తిప్పాలి. ఒక్కరే లాగితే చర్మం రాసుకుపోయి పుండు పెద్దదవుతుంది. పైడమ్మ భారీ మనిషి. ఫూల్‌బాయికి చెయ్యి విరిగి ఉంది. నాకు రెండో కొస పట్టుకునేవాళ్ళు కావాలి. అంతే.

మా ప్రార్థన కూటంలో అడిగాను. పెద్దావిడ రూతమ్మ పిన్ని ముక్కు చిట్లించింది.

"ఆ సెడిపోయిన మనిషికా? దాని ఒళ్ళు తుడిసిన సేతుల్తో ఆదోరం సర్చిలో పెబువు రొట్టి ముట్టుకుంటావేటి?"

"ఈ చేతులతోనే ముట్టుకుంటాను పిన్నీ. సబ్బుతో కడుక్కునే వస్తాను."

ఎవరూ రాలేదు. ఇక మిగిలింది ఆమె కూతురు సుజాత. నాయనమ్మ పెంచిన పిల్ల. ఇప్పుడు దయాల్‌బంద్‌లో ఉంటుంది, కాలేజీకి వెళ్ళే కూతురుంది. నేను తలుపు తట్టేసరికి ఆ కూతురు రింకీయే ఎదురొచ్చింది. విషయం చెబితే పెద్దరికంగా తలూపింది.

"అచ్ఛా, చూడండి ఆంటీ, నానీ తన లైఫ్ తను జీ లియా, తనకి నచ్చినట్టు బతికింది. ఆ జమానాలో అంత హిమ్మత్! నేనైతే జడ్జ్ చెయ్యను. కానీ మమ్మీకి ఆమె టాక్సిక్. అలాంటోళ్ళని కట్ చేసెయ్యాలి, బస్. మమ్మీకి ఏమీ గిల్ట్ అక్కర్లేదు."

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. తల్లిని కాచుకుంటోంది. కానీ ఆ మాటలకు ఒళ్ళు మండింది మాత్రం నిజం. రూతమ్మ పిన్ని ఆమెను చెడిపోయింది అంది. ఈ పిల్ల హిమ్మత్, ధైర్యం, అంది. ఒకరు తిట్టారు, ఒకరు మెచ్చుకున్నారు. మంచం దగ్గరికి ఇద్దరూ రారు.

"రింకీ, నేను చెప్తాను విను. జ్వరంతో ఉన్న పసిదాన్ని వదిలి వెళ్ళడం తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. నువ్వు దానికి ఎంత ముద్దు పేరు పెట్టినా నేను ఒప్పుకోను. కానీ తప్పు చేసిన మనిషి అయినంత మాత్రాన పుండు పట్టి చావాలంటే, అదీ ఒప్పుకోను."

లోపలి నుంచి సుజాత వచ్చింది. అంతా వింటూనే ఉన్నట్టుంది.

"ఏటక్కా, దాన్ని సెమించమని సెప్పడానికొచ్చావా? మీ సర్చిలో అదే కదా సెప్తారు."

"క్షమించడం సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి. నాకు రెండు చేతులు కావాలి. దుప్పటి పట్టుకోవాలి."

"దుప్పటా?" అంది. జవాబు వినకుండా తలుపు వేసేసింది.

మర్నాడు పొద్దున్న లింగియాడీహ్‌లో గడప మీద నిలబడి ఉంది, చెప్పులైనా విప్పకుండా. "సూసెల్పోదామని వచ్చాను. అంతే," అంది. పైడమ్మ ఆమె వైపు చూసి, "పక్క," అంది.

"ఏటంతంది?"

"పక్క మార్చమంటోంది."

 సుజాత చెప్పులు విప్పింది. దుప్పటి కొస ఎలా చుట్టాలో చూపించాను. ఎత్తి తిప్పాక ఆ పుండు చూసి మొహం తిప్పుకుంది కానీ, పట్టు వదల్లేదు.

ఆ రోజు నుంచి వస్తూనే ఉంది. తిడుతూనే పట్టుకునేది. "నన్నొగ్గేసి ఎల్లినప్పుడు గుర్తు రాలేదేటి కూతురు? సెయ్యి ఇటెట్టు. నానే కావలసొచ్చానా ఇప్పుడు? ఆ దిండు అందుకో అక్కా, కాలు కింద పెడదాం." తిట్లకూ పనికీ మధ్య గుక్క కూడా తిప్పుకునేది కాదు. ఫూల్‌బాయి నన్ను చాటుగా అడిగింది, ఇవన్నీ ప్రార్థనలా అని. అవునన్నాను. నేను అబద్ధమాడలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

చలికాలం వచ్చేసరికి పుండులో ఎర్రటి కొత్త కండ పట్టింది. ఒక మధ్యాహ్నం పైడమ్మ నోరు కూడదీసుకుని కూతురితో అంది: "తప్పైపోనాదే, గుంటా."

సుజాత దుప్పటి కొస చుట్టుకుంటోంది. ఇంకో చుట్టు బిగించింది.

"అయితే? ఇటు తిరుగు," అంది.

పైడమ్మ ఆ తరవాతి ఎండాకాలంలో పోయింది. నడుము కింద పుండు లేదు, మచ్చే ఉంది. క్షమించానన్న మాట సుజాత నోట నేను వినలేదు, అడగనూ లేదు.

అప్పుడు రూతమ్మ పిన్ని, "అలాంటిదానికి సేసి నువ్వేటి నేర్సుకున్నావే?" అంది. ఇదీ నేర్చుకున్నది: మంచితనమంటే ఎవరు యోగ్యులో తేల్చే పని కాదు. ఆ తీర్పు కాలంతో పాటు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, నిన్న ఛీ అన్నదాన్ని ఇవాళ శభాష్ అంటుంది. నేను కొలిచే ప్రభువు తనను శత్రువులకు పట్టించబోయే శిష్యుడి కాళ్ళు కూడా కడిగాడు. వాడు చేయబోయేది మంచిదని మాత్రం అనలేదు. ఆ రెండూ కలిపి పట్టుకోమనే నాకు మా అమ్మ నేర్పింది. లోకం ఏ పేరు పెట్టినా, అందులో ఏ ఒక్క కొసా నేను వదలను.

చదివేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. పైడమ్మను కాదు, నన్ను అసలే కాదు, సుజాతను తలచుకోండి. ప్రార్థన అలవాటుంటే ప్రార్థనలో. లేకపోతే, ఇంట్లో ఆరిన దుప్పటి మడతపెట్టడానికి రెండో కొస పట్టుకోమని ఎవరినైనా పిలిచినప్పుడు.