అక్క చెప్పిన గూఢచారి కథ

ఇయ్యాల పొద్దున కిష్టారెడ్డిపేటల మా ఫ్లాట్‌ల కూర వండుతున్న. మా బిడ్డ ఫోన్‌ల ఆడియోబుక్ పెట్టుకున్నది. యుద్ధకాలంల సైనికుల కండ్లుగప్పి రహస్య ఉత్తరాలు మోసే అక్కాతమ్ముళ్ల కథ. జెరసేపు ఇన్నంగనే గుర్తువట్టిన. చిన్నప్పుడు కాజీపల్లిల మా అక్క చదివి చెప్పిన కథే!

యాదికున్నదా మా ఊరి దోస్తులూ, ఇంటి ముంగట బోరింగ్ కొడితే నీళ్లు మందుల ఫ్యాక్టరీల వాసనొచ్చేది? తాగే నీళ్లకు ఊరవతలికి పోవాలె. నిజానికి ఆ పని అక్కది. కానీ ఆమె పక్కింట్ల కిరాయికున్న ఇంజనీరు సారు ఇచ్చిన ఇంగ్లీష్ పుస్తకం తెరిచి, నాకు తెలుగుల చెప్పుకుంట, సరిగ్గా కథల తమ్ముడు సైనికులకు దొరుకుతడేమో అన్న కాడ ఆపేది.

"ఇగ బిందె తీస్కపో. వచ్చినంక చెప్త."

ఎండల కాళ్లు కాలుతున్నా ఉరికేదాన్ని. రోజూ గిదే కథ! ఆఖరికి ఆ తమ్ముడు తప్పించుకొని ఇంటికొచ్చి, వేడి వేడి అన్నం తిన్నడని చెప్పింది. నా పానం నిమ్మళమైంది.

ఇయ్యాల ఆడియోబుక్‌ల ఆ తమ్ముడు చచ్చిపోయిండు!

ఒళ్లు మండింది. కూర మాడినా పట్టించుకోకుండ అక్కకు ఫోన్ చేసిన. "గన్ని బిందెలు మోయించి నాకు అబద్ధం చెప్పినవా అక్కా?"



"ఆ పేజీ చదివి నేను రెండు దినాలు ఏడ్చిన," అన్నది అక్క. "నువ్వు గూడ ఏడ్సుకుంట కూసుంటే నీళ్లెవరు తెస్తుండె?"