సరోజన కోసేసిన తిట్లు

కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చిన ఏడాది నాకు మహబూబాబాద్‌లో పోస్టింగ్ వచ్చింది. గృహహింస కేసులు చూసే రక్షణ అధికారి దగ్గర న్యాయ సలహాదారు ఉద్యోగం. పాప పుట్టి మానేసేదాకా అక్కడే చేశాను.

గూడూరు దగ్గరి పల్లె నుంచి సరోజన వచ్చింది. భర్త తాగి కొడుతున్నాడు, ఇంట్లోంచి వెళ్లగొడతానంటున్నాడు. ఆ ఇంట్లోనే ఉండేలా కోర్టు ఉత్తర్వు కావాలి. అతని అరుపులు అతనికి తెలియకుండా ఫోన్‌లో రికార్డు చేసింది.

చాటుగా తీసినంత మాత్రాన కోర్టు దాన్ని తోసిపుచ్చదు. కానీ గొంతులు ఎవరివో తేలాలి, తీసిన ఫోన్ చూపాలి, అది ఆ ఫోన్‌లోదేనని, మార్చనిదని ధ్రువపత్రం జతచేయాలి, మధ్యలో కోత ఉండకూడదు. ధ్రువపత్రం కోసం వింటుంటే మాటలు తెగి తెగి వినిపించాయి. ఇది నిలవకపోతే ఈమె ఎక్కడికి పోతుందని నాకు కంగారు పట్టుకుంది.

"నా తిట్లు తీసేసిన మేడం," అంది సరోజన. "జడ్జి సారు ముందర నా ఇజ్జత్ పోతది."

"అసలుది ఉందా?"

"ఫోన్లనే ఉన్నది. దాన్ని తీసెయ్య రాలె నాకు."

ఇద్దరం మొత్తం విన్నాం. "నీకంటె మా దున్నపోతు నయం, అది తాగి రాదు," అంటోంది సరోజన. నాకు నవ్వు ఆగలేదు. ఆ వెంటనే, ఆమె కోసేసిన చోటే, అత్త ఎల్లవ్వ గొంతు: "మొన్న దాని చెయ్యి ఇరగ్గొట్టినవ్, సాల్లేదా కొడుకా? అది యాడికి పోదు. నువ్వే పో."

కోర్టుకు అసలు రికార్డే ఇచ్చాం. అది వినిపించాక మెజిస్ట్రేట్ తిట్ల సంగతి అడిగారు.

"తిట్టింది నేనే సార్," అంది సరోజన. "ఆయన కొట్టింది గూడ నిజమే."

గొంతు గుర్తుపట్టడానికి వచ్చిన ఎల్లవ్వ తడుముకోలేదు. "నాదే సారూ. ఇంకో రెండు మాటలు అందును, దమ్ము అందలె."

అవతలి వకీలు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. భర్తే ఇల్లు విడిచి ఉండాలని ఉత్తర్వు వచ్చింది. కోర్టు బయట అత్తాకోడళ్లు ఒకే సోడా పంచుకుని తాగి, ఒకే ఆటో ఎక్కారు.

ఆ తర్వాత రికార్డుతో ఎవరు వచ్చినా ముందు ఒకటే చెప్పేదాన్ని: ఏదీ కోయకండి. మీ తిట్టు కేసును చెడగొట్టదు, మీ కోత చెడగొడుతుంది.