దెబ్బ తగలని కొరడా

పెళ్లయిన కొత్తలో మాట. నరసాపురంలో మా వీధివాళ్ల నాటకంలో మావారిది భక్తుడి వేషం. రాజభటుడు కొరడాతో కొట్టే ఘట్టం ఉంది. రిహార్సల్‌లో కొబ్బరితాడు వాడేసరికి ఆయన వీపంతా వాతలు తేలాయి. దేవుడికి మొక్కుకున్న వేషం కాబట్టి మానలేరు, అలాగని ఆ దెబ్బలు భరించలేరు.

నేను పాత రెగ్జిన్ సంచిని పట్టీలుగా కత్తిరించి, విరిగిన గొడుగు కర్రకు లేసు అల్లే దారంతో బిగించాను. కొసలకు ముడులు వేయలేదు, ముడి తగిలితేనే చర్మం చిట్లుతుంది. ముందు నా చేతిమీద కొట్టుకుని చూశాను. చప్పుడే గాని నొప్పి లేదు.

నాటకంలో మొదటి దెబ్బ ఛెళ్లుమనగానే మా అత్తగారు స్టేజీ ఎక్కేశారు. "ఆపండ్రా! మా అబ్బాయిని చంపేస్తారా ఏంటి?" అంటూ కొరడా లాక్కున్నారు. నాటకం ఆగిపోయింది.

"నొప్పి లేదమ్మా, అది నీ కోడలు చేసిన కొరడా" అన్నారు మావారు. ఆ మాట మైకులో అందరికీ వినిపించింది. అత్తగారు ఆయన వీపంతా తడిమి చూసి, కొరడా భటుడి చేతిలో పెట్టి, "అయితే గట్టిగా కొట్టు నాయనా!" అన్నారు. పందిరంతా చప్పట్లతో మోగిపోయింది.

బడి మెట్లెక్కని నాకు ఆ పనితనం ఇచ్చిన స్వామికి ఈనాటికీ చేతులెత్తి మొక్కుతూనే ఉన్నాను.